మీసం చాటు కథ

తండ్రి బతికి ఉండగా కొడుకు మీసం తీయకూడదన్న మాట ఎవరు పెట్టారో తిరుపాలు మాస్టారికి తెలియదు. అది శాస్త్రమో, ఊరి అలవాటో కూడా తెలియదు. దేవుడు నిజంగా ఆ లెక్క చూస్తాడా అన్న సందేహం మాత్రం మూడేళ్లుగా ఆయన వెంట తిరుగుతోంది. రోజూ తెల్లవారి స్నానం చేసి, పెంచలకోన నరసింహస్వామి పటం ముందు దీపం వెలిగించి చేతులు జోడించగానే అది వచ్చి పక్కన నిలబడేది. కర్పూరం ఆరిపోయేదాకా చూసేవాడు. జవాబు వచ్చేది కాదు. ఈలోగా వసారాలో దగ్గు వినిపించేది.

ఆ రోజూ దగ్గు వినిపించింది.

నులక మంచం మీద పిచ్చయ్య లేచి కూర్చుని ఉన్నాడు. తొంభై దాటిన మనిషి. ఒళ్లంతా ఎండి, భుజాల ఎముకలు తుండుగుడ్డ కింద పొడుచుకొచ్చి ఉన్నాయి. కాళ్లు మాత్రం ఒకప్పుడు మెట్ట చేలల్లో గొర్రు తోలిన కాళ్లని ఇప్పటికీ తెలుస్తాయి. నీటికాసులు వచ్చి చూపు పోయి చాలా ఏళ్లయింది.

"ఎవురూ?" అన్నాడు.

"నేనే నాయనా."

"నేనే అని చెప్పేదానికి నోరు అందరికీ ఉండాది. ఇట్ట రా."

మాస్టారు మంచం పట్టె మీద కూర్చుని ముఖం ముందుకు పెట్టాడు. ముసలాయన చేతులు గాలిలో వెతుక్కుంటూ వచ్చి ముక్కు మీద ఆగాయి. అక్కణ్నుంచి బొటనవేళ్లు కిందికి జారి, మీసం నడిమి పాయ దగ్గర కలుసుకుని, చెరో వైపు విడిపోయి చివరలదాకా వెళ్లాయి. అది పెద్ద మీసం. పై పెదవిని పూర్తిగా కప్పేసి, కింది పెదవి మీదికి పూరింటి చూరులా వాలి ఉంటుంది.

"ఊఁ. నువ్వే," అన్నాడు పిచ్చయ్య. "దువ్వెన తే."

మాస్టారు చొక్కా జేబులో పెన్ను పక్కనున్న చిన్న చెక్క దువ్వెన తీసి ఇచ్చాడు. కొడుక్కి మాస్టరు ఉద్యోగం వచ్చిన ఏడు, ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ల దగ్గర పిచ్చయ్య కొన్న దువ్వెన అది. కొన్నప్పుడు లేత పసుపు రంగులో ఉండేది. ఇప్పుడు బెల్లం రంగు తిరిగింది. ముసలాయన ఎడమ చేత్తో కొడుకు గడ్డం పట్టుకుని, కుడిచేత్తో పాయ తీసి దువ్వాడు.

"తెల్లబడిందంటనే. నీ పెండ్లాం చెప్తా ఉండాది."

"ఎప్పుడో తెల్లబడింది నాయనా."

"నాకు నల్లగానే తగలతా ఉండాది."

లోపల్నుంచి మాస్టారి భార్య వెంకమ్మ కేకేసింది. "మామా, ఒంటిపూట బడి. మీ సింగారం బిరీన కానీయండి."

మాస్టారు నవ్వాడు. మీసం కింద ఆ నవ్వు ఎవరికీ కనపడలేదు. సైకిలు తీసుకుని బయల్దేరాడు.

*

బడి దుత్తలూరు దాటాక ఉదయగిరి పోయే రోడ్డు పక్కన ఉంటుంది. ఒకే హాలు, అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు. మార్చి నెలాఖరు. కంది కట్టె పీకేసిన చేలు బోసిగా ఉన్నాయి. దూరంగా ఉదయగిరి కొండ ఎండమసకలో పలచగా కనిపిస్తోంది.

హాలుకు ఎదురుగా మస్తానమ్మ చిల్లర కొట్టు. సైకిలు ఆగడం చూసి ఆమె పలకరించింది. "ఏం మాస్టారా, ఈ పొద్దన్నా నోరు తెరస్తావా? సెలవులోనే ఉండాదా?"

"నా నోరు నీ కొట్టు మాదిరి కాదులే అవ్వా, ఊరికే తెరిచి పెట్టేదానికి," అన్నాడు మాస్టారు.

ఆ ఎగతాళి పాతదే. మూడేళ్లుగా మాస్టారు బళ్లో పాఠం చెప్పడం లేదు. రాస్తాడు. సుధారాణి టీచరు చెబుతుంది.

అంతకుముందు ఇద్దరూ హాలును రెండుగా పంచుకున్నారు. ఒకటీ రెండూ తరగతులు ఆమెవి, మూడూ నాలుగూ అయిదూ ఆయనవి. ఒకరికొకరు వీపు పెట్టి నిలబడి, ఒకరి గొంతు మీద ఒకరు గొంతు పెంచుకుంటూ చెప్పేవాళ్లు. మస్తానమ్మ మనవరాలు కరుణశ్రీ రెండో తరగతి దాకా సుధారాణి దగ్గర చక్కగా చదివింది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆ పిల్లకు చెవులు మందగించాయని అందరికీ తెలుసు. ఎంత మందగించాయో ఎవరూ చూడలేదు. మూడో తరగతికి వచ్చి మాస్టారి ముందు కూర్చోగానే ఆ పిల్ల రాయిలా అయిపోయింది. పేరు పిలిస్తే పలికేది కాదు. ప్రశ్న అడిగితే ఆయన ముఖంలోకి కళ్లార్పకుండా చూసేది. టీచరమ్మ మాట వినపడుతుంది, నా మాట వినపడదా, పొగరు కాకపోతే, అనుకున్నాడు మాస్టారు. రెండు మూడుసార్లు వాకిట్లో నిలబెట్టాడు కూడా.

ఆ ఏడే ఎడ్విన్ వచ్చాడు. వినికిడి, చూపు తక్కువగా ఉన్న పిల్లలు మామూలు బళ్లలోనే చదువుకునేట్టు చూడటం ఆయన ఉద్యోగం. ఆత్మకూరు నుంచి నెలకోసారి బస్సులో వస్తాడు. ఆ మొదటిసారి పిల్లలతో పాటు నేల మీద కూర్చుని పూటంతా గమనించాడు. తర్వాత మాస్టారిని బయటికి పిలిచి, చెప్పులతో ఇసుకను అటూ ఇటూ నెడుతూ అన్నాడు.

"సార్, మరోలా అనుకోవద్దు. ఆ పాపకు బొత్తిగా వినపడదు. పెదాలు చూసి చదువుకుంటా ఉండాది. సుధారాణి మేడం చర్చిలో పాటలు పాడే మనిషి, నోరు బాగా తెరుస్తారు. మీది కనపడటం లేదు."

"ఏది కనపడటం లేదు?"

"నోరు, సార్."

మాస్టారు చెయ్యి దానంతటదే మీసం మీదికి వెళ్లింది.

ఆ సాయంత్రమే దుత్తలూరులో మంగలి దగ్గర కూర్చుని, పెదవి కనపడేదాకా కత్తిరించమన్నాడు. తీసేయలేదు, కత్తిరించాడంతే. మర్నాడు పొద్దున పిచ్చయ్య వేళ్లు ముక్కు మీంచి జారి మీసం దగ్గర ఆగిపోయాయి. చివరలకు వెళ్లలేదు. చివరలే లేవు.

"నేనింకా ఉండానురా," అన్నాడు ముసలాయన.

అంతే అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూటా మర్నాడూ సంగటి ముట్టలేదు. వెంకమ్మ బతిమాలింది. మాస్టారు కాళ్లు పట్టుకుని, ఇంకెప్పుడూ దాని మీద కత్తెర పెట్టనని మాట ఇచ్చాక లేచి ఇన్ని మజ్జిగ తాగాడు. మీసం మళ్లీ పెరిగింది. కళ్లు లేని మనిషికి కొడుకు ఆనవాలు అదొక్కటే అని మాస్టారికి అప్పుడు తెలిసింది. చెవులు లేని పిల్లకు అదే అడ్డమని అంతకుముందే తెలిసింది.

ఏం చేయాలో తోచక సుధారాణికి చెప్పాడు.

"అయితే సార్, మీరు రాయండి. నేను చెప్తాను. పిల్లలందరినీ ఒకటిగా కూర్చోబెడదాం. ఆ పాప ఒక్కదాని కోసమని అనొద్దు, అందరికీ ఇట్టనే."

అలా మొదలైంది. ఎడ్విన్ ఒకటే నియమం చెప్పాడు: రాసేటప్పుడు మాట్లాడకూడదు, మాట్లాడేటప్పుడు బోర్డు వైపు తిరగకూడదు. ఒక మనిషికి అది కష్టం. ఇద్దరికి తేలిక. మాస్టారు బోర్డు మీద రాసి పక్కకు జరుగుతాడు. సుధారాణి కిటికీ వెలుగు ముఖం మీద పడేలా నిలబడి, కరుణశ్రీని చూస్తూ చెబుతుంది. ఆమె ఎక్కడ ఆగుతుందో ఆయనకు తెలుసు. ఆయన సుద్దముక్క ఎప్పుడు ఎత్తుతాడో ఆమెకు తెలుసు. కొన్నాళ్లకు, ఆమె "అప్పుడు" అనేసరికి బోర్డు మీద బాణం గుర్తు పడేది. మాస్టారి అక్షరాలు మునుపు కూడా గుండ్రంగానే ఉండేవి. ఇప్పుడు ఇంకా పెద్దవయ్యాయి. బొమ్మలు కూడా వేయడం నేర్చుకున్నాడు. కరుణశ్రీ మళ్లీ చదువుతోంది. లెక్కల్లో అందరికంటే ముందు ఉంటోంది.

ఒక్క మేక కథ దగ్గరే ఇబ్బంది వచ్చింది.

*

వాన పడ్డ మధ్యాహ్నాలు, హాలు చీకటై బోర్డు కనపడనప్పుడు, మాస్టారు పాత అలవాటుగా కథ చెప్పేవాడు. ఆయన కథల్లో పిల్లలకు బాగా ఇష్టమైంది మేక బస్సెక్కిన కథ. దానికి ఊరంతా పేరు. మేక టికెట్టు నమిలేటప్పుడు ఆయన మీసం కిందికీ పైకీ ఆడేది. పిల్లలు పడి పడి నవ్వేవాళ్లు. కథ అయిపోగానే జేబులోంచి దువ్వెన తీసి, దర్జాగా అటోసారి ఇటోసారి మీసం దువ్వుకునేవాడు. దానికి మళ్లీ నవ్వు.

ఒకసారి అలా చెబుతూ కరుణశ్రీని చూశాడు. ఆ పిల్ల నవ్వుతోంది. అయితే అందరికంటే కాస్త వెనగ్గా. పక్కపిల్లల ముఖాలు చూసి, వాళ్లు నవ్వాక నవ్వుతోంది, వాళ్లు ఆపగానే ఆపుతోంది. కథ అయ్యాక దగ్గరికొచ్చి, గొంతు ఎత్తూ పల్లం లేని తన మాటతో అడిగింది. "మేక ఏం చేసింది సార్?"

"తర్వాత చెప్తాలేమ్మా," అన్నాడు, చేతులు ఊపుతూ.

సుధారాణి చెప్పి చూసింది. ఆమె దేన్నయినా సండే స్కూల్లో చెప్పినట్టు నిదానంగా, నీతి తెలిసేలా చెబుతుంది. అంతా విని, "మేక పాపం," అంది కరుణశ్రీ. మాస్టారు కథను బోర్డు మీద పూర్తిగా రాసి చూశాడు. ఆ పిల్ల చదివి, "ఇది పాఠం," అంది. పిల్లలందరూ నవ్వింది ఆ పాఠానికి కాదని ఆమెకు తెలుసు.

అప్పట్నుంచి అదొక ఆట అయింది. ఆయన ఎదురుపడితే చాలు, కొట్టు దగ్గర అవ్వ చేసినట్టే అరచెయ్యి చాపి, "సార్, మేక బాకీ," అనేది. "ఇస్తాలే" అని తల ఊపేవాడు. ఎప్పుడిస్తాడో ఆయనకు తెలియదు. తెలుసుకోవాలంటే దానికి ముందు ఏం జరగాలో తలచుకోవాల్సి వచ్చేది. ఆ తలపు రాగానే మాస్టారు లెంపలు వేసుకునేవాడు.

ఆ రోజు ఇంటర్వెల్లులో కరుణశ్రీ వచ్చి మళ్లీ చెయ్యి చాపింది. ఈసారి నవ్వలేదు.

"సార్. పరీక్షలైనాక పోతన్నాం. ఆత్మకూరు. అమ్మా నాయన ఆడ పనికి చేరినారు. ఆడనే ఆరో క్లాసు."

"ఎడ్విన్ సార్ ఉండాడులేమ్మా ఆడ," అని చెప్పింది సుధారాణి, ముఖం ఆమెకు చూపిస్తూ. "బాగా చూసుకుంటాడు."

"మేక?" అంది కరుణశ్రీ, మాస్టారి వైపే చూస్తూ.

ఆయన తల ఊపాడు. ఆ పిల్ల ఆయన తలను చూసింది, మీసాన్ని చూసింది, చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది.

బడి విడిచాక సుధారాణి కిటికీ రెక్కలు మూస్తూ అడిగింది. "మీ నాయన ఎట్ట ఉండాడు సార్?"

"ఉండాడమ్మా. పొద్దున నా మీసం నల్లగానే ఉండాదన్నాడు."

ఆమె నవ్వింది. "ఆదివారం ప్రార్థనలో ఆయన పేరు చెప్తన్నాను. నూరేళ్లు ఉండాలని."

మాస్టారు సైకిలు తాళం వెతుక్కుంటున్నవాడు ఆగిపోయాడు. తన తండ్రి కోసం ఆమె తన దేవుణ్ని అలా అడుగుతుంటే, పొద్దున పటం ముందు నిలబడి తను ఏం అడుగుతున్నట్టు? మీసం తీసే వీలు చూపించమనే కదా. ఆ వీలు ఏ దారిలో వస్తుందో దేవుడికి తెలియదా?

"అట్టనే చెప్పమ్మా," అన్నాడు. "గట్టిగా చెప్పు."

*

ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వెంకమ్మ పెరట్లో అంట్లు తోముతోంది.

"మామ నిద్రపోతన్నాడు. సంగటి సగం తిని, మిగతాది నువ్వొచ్చినాక తింటానన్నాడు. లేపు," అంది.

పిచ్చయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోరు కొద్దిగా తెరిచి ఉంది. ఒక చెయ్యి మంచం పట్టె మీదికి, మాస్టారు రోజూ కూర్చునే చోటికి జారి ఉంది. మాస్టారు ఆ చేతిని పక్కకు తీసి కూర్చున్నాడు.

"నాయనా," అన్నాడు.

ఎవురూ అన్న మాట రాలేదు. ఆయన తండ్రి చేతిని ఎత్తి తన ముక్కు మీద పెట్టుకుని, అలవాటైన దారిలో కిందికి దించాడు. బొటనవేలు మీసం మీద ఆగింది. కదల్లేదు. మాస్టారు కాసేపు దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పెరట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఆగాక వెంకమ్మను పిలిచాడు.

పదో రోజు వాగు ఒడ్డున మంగలి ముందు కూర్చున్నాడు. వాగులో నీళ్లు లేవు, చెలమలో ఉన్నాయి. తల అయ్యాక మంగలి నీళ్లు చిలకరించి, మీసం నడిమి పాయ దగ్గర కత్తి పెట్టి, ఒక్క క్షణం ఆగాడు. "కానీయి," అన్నాడు మాస్టారు. తెల్లటి పోగులు తడి ఇసుక మీద పడ్డాయి. పై పెదవికి గాలి తగిలింది. ముప్పై ఏళ్లకు పైగా ఎండ ఎరగని చర్మం అది. చల్లగా, పరాయివాళ్లదిగా అనిపించింది. ఆ చల్లదనంలోనే మేక గుర్తుకొచ్చింది. ఇక్కడ, ఈ ఒడ్డున అది గుర్తుకు రావడం తప్పేమో అనుకున్నాడు. తప్పో కాదో చెప్పేవాళ్లు ఇప్పుడూ లేరు. పిండం పెట్టి, దండం పెట్టుకుని, అందరికంటే చివర ఒడ్డెక్కాడు.

*

వేసవి సెలవులకు ముందు రోజు మాస్టారు బడికి వచ్చాడు. మస్తానమ్మ కొట్టులోంచి చూసి, ఎగతాళి చేయబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊరుకుంది. చిన్న తరగతుల పిల్లలు ఎవరో కొత్తాయన అనుకుని లేచి నిలబడ్డారు. గొంతు విన్నాక గుసగుసలు పోయారు.

సుధారాణి ఎదురొచ్చింది. "దేవుడు మంచి చావు ఇచ్చినాడు సార్," అంది. ఇంకేదో చెప్పబోయి ఆయన ముఖం చూసి ఆగింది. తర్వాత ఏమీ అడక్కుండానే బల్ల మీది సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి నడిచింది. కిటికీ పక్క, రోజూ తను నిలబడే చోటు ఖాళీ చేసింది.

మాస్టారు వెళ్లి వెలుగులో నిలబడ్డాడు. కరుణశ్రీ ముందు వరుసలో ఉంది. ఆయన ముఖంలోకి చూస్తోంది, మూడో తరగతిలో చూసినట్టే, కళ్లార్పకుండా.

"ఉదయగిరి బస్టాండులో," అన్నాడు మాస్టారు నిదానంగా, "ఒక రైతు మేకను తీసుకొని ఆత్మకూరు బస్సెక్కినాడు."

ఆ పిల్ల ముందుకు వంగింది. బోర్డు మీద సుధారాణి బస్సు వేస్తోంది. దానికి చక్రాలు కోలగా వచ్చాయి.

"మేకకు కూడా టికెట్టు తియ్యమన్నాడు కండక్టరు. తీసినాడు. మనిషికి తియ్యడం మరిచిపొయ్యినాడు. దుత్తలూరు దాటినాక చెకింగాయన ఎక్కినాడు. టికెట్టు ఏదిరా అన్నాడు. ఇదో సామీ అని రైతు చెయ్యి చాపేలోపల మేక దాన్ని అందుకునింది."

ఇక్కడ నమలాలి. మాస్టారు పై పెదవి ఎత్తాడు. అది మేక పెదవిలాగే చీలినట్టయి, ఒక పక్కకు జరిగి, ఇంకో పక్కకు జరిగింది. ఇన్నేళ్లూ ఆ మీసం కింద తన పెదవి ఇలా ఆడుతోందని ఆయనకే తెలియదు. మిగతా పిల్లలకు కథంతా కంఠతా వచ్చు. మామూలుగా ఇక్కడికే నవ్వేసేవాళ్లు. ఈసారి నవ్వలేదు. అందరూ కరుణశ్రీ వైపు తిరిగి కూర్చున్నారు.

"రైతు ఏడస్తా చెప్పినాడు, సామీ, టికెట్టు మేక మింగేసింది అని. చెకింగాయన మేకను చూసినాడు. రైతును చూసినాడు. సరే, టికెట్టు మేక కాడ ఉండాది. మేక కూర్చుంటాది. నువ్వు దిగు, అన్నాడు."

ఆ పిల్ల కళ్లు ఆయన పెదాల మీదే ఉన్నాయి. తర్వాత కరుణశ్రీ నవ్వింది. ముందు ఆ పిల్లే నవ్వింది. పక్కవాళ్ల ముఖాలు చూడకుండా, తల వెనక్కి వాల్చి, తనకే వినపడని గట్టి గొంతుతో నవ్వింది. ఆ తర్వాతే హాలంతా నవ్వింది. సుధారాణి బోర్డు వైపు తిరిగి మేకకు తోక వేస్తూ ఉండిపోయింది. భుజాలు ఊగుతున్నాయి.

కరుణశ్రీ కళ్లు తుడుచుకుని అడిగింది. "ఆత్మకూరులో మేకను ఎవురు దింపుకున్నారు?"

అది కథలో లేదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. మాస్టారు ఆలోచించాడు.

"ఎడ్విన్ సారు," అన్నాడు.

ఆ పిల్ల మళ్లీ నవ్వింది. లేచి ఆయన ముందుకొచ్చి, పద్దు తీరిపోయినప్పుడు అవ్వ చేసినట్టే రెండు అరచేతులూ ఒకదానితో ఒకటి దులిపింది.

"బాకీ లేదు సార్."

మాస్టారు అలవాటుగా జేబులోంచి దువ్వెన తీసి దర్జాగా ముఖం దాకా ఎత్తాడు. అక్కడ దువ్వేందుకు ఏమీ లేదు. పిల్లలకు మళ్లీ నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు అందరికీ కనపడింది. దువ్వెనను కిటికీ గట్టు మీద పెట్టి, హాజరు పిలవడానికి పుస్తకం తీశాడు.

బడి మూసే వేళకు అది అక్కడే ఉండిపోయింది. బెల్లం రంగు చెక్క మీద, పిచ్చయ్య బొటనవేలు రోజూ ఆనిన చోట, చిన్న గుంట నున్నగా మెరుస్తోంది.